రిటైర్మెంటు డబ్బుతో పొలం కొనే ముందు ఒక నెల బండి మీద తిరగండి



రాజమహేంద్రవరం చుట్టుపక్కల నుంచి, హైదరాబాదు నుంచి, అప్పుడప్పుడు అమెరికాలో పిల్లల దగ్గర ఉన్న పెద్దవాళ్ల నుంచి మాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నానండి. మీ వీడియోలన్నీ చూశాం. గోదావరి పక్కన రెండెకరాలు కొనుక్కుని ప్రకృతి వ్యవసాయం చేద్దామని మా ఆవిడా నేనూ అనుకుంటున్నాం. మంచి పొలం ఏదైనా ఉంటే చెప్పండి" అంటారు.

పొలాలు బేరం పెట్టే పని మాది కాదు. కానీ అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. కొనొద్దు అనను. కొనే ముందు ఇద్దరూ కలిసి ఒక నెల రోజులు బండి మీద తిరిగి రండి. గుడులు చూడండి, గోదారి చూడండి, పాత స్నేహితుల ఇళ్లకి వెళ్లండి. దారిలో కనీసం పది ప్రకృతి వ్యవసాయ క్షేత్రాలు చూడండి. అందులో మూడింట్లో అయినా రాత్రి పడుకోండి. ఆ తర్వాత పొలం సంగతి మాట్లాడుకుందాం.

ఈ మాట కొంతమందికి నచ్చదు. "ఇన్నాళ్లూ ఉద్యోగంలో తిరగలేకపోయాం, ఇప్పుడు స్థిరపడదాం అనుకుంటుంటే మళ్లీ తిరగమంటారేంటండీ" అంటారు. నా ఉద్దేశం ఏమిటో ఇక్కడ వివరంగా చెబుతాను. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ కలిపి జీవితంలో ఒకేసారి చేతికొచ్చే డబ్బు అది. పాతికేళ్ల కుర్రాడు పొలంలో నష్టపోతే మళ్లీ సంపాదించుకుంటాడు. అరవై దాటాక ఆ అవకాశం లేదు.

వీడియోలో కనపడనిది

మేం కూడా వీడియోలు తీసేవాళ్లమే కాబట్టి ఈ మాట మేమే చెప్పాలి. పన్నెండు నిమిషాల వీడియోకి మేం వెళ్లేది చేను బాగున్న రోజున. ఉదయం ఎండలో, వెన్ను బయటపడి, గట్ల మీద బంతి మొక్కలు పూసి ఉన్నప్పుడు. రైతు కూడా ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. అందులో మోసం ఏమీ లేదు, పెళ్లిలో ఫొటో దిగినట్టే. జీవామృతం ఎలా కలపాలో, ఘన జీవామృతం ఎలా నిల్వ చేయాలో, నీమాస్త్రం ఎప్పుడు కొట్టాలో వీడియోలో చక్కగా తెలుస్తుంది. దానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

వీడియో చెప్పలేనివి వేరే ఉన్నాయి. ఆ చేనికి నీళ్లు ఎవరి చేలోంచి వస్తున్నాయి? ఆగస్టులో గోదారికి వరద వచ్చి మురుగు కాలవ ఎదురు తన్నితే ఆ చేలో ఎంత లోతు నీళ్లు ఎన్ని రోజులు నిలబడతాయి? ఏప్రిల్ నెలాఖరున కాలవలు కట్టేశాక ఆవుకి పచ్చిమేత ఎక్కడిది? ధాన్యం ఎవరు కొన్నారు, డబ్బు ఎన్నాళ్లకి వచ్చింది? భార్యాభర్తలు ఇద్దరూ ఊరు వదిలి చివరిసారి ఎప్పుడు వెళ్లారు? ఇవి అడిగితే రైతు కెమెరా ముందు చెప్పడు. సాయంత్రం పశువుల పని అయ్యాక, అరుగు మీద కూర్చున్నప్పుడు చెబుతాడు. అందుకే రాత్రి అక్కడ ఉండమంటున్నాను.

ఒక దంపతులు చేసిన పని

మాకు తెలిసిన ఒక దంపతులు ఉన్నారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా, ఆవిడ పోస్టాఫీసులో పనిచేసి రిటైర్ అయ్యారు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అమెరికాలో అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు, అక్కడి రిటైర్ అయినవాళ్లు పెద్ద పెద్ద ఇంటి బండ్లలో ఊళ్లు తిరగడం చూశారు. ఇక్కడికొచ్చాక అంత బండి కొనలేదు. సొంత వాడకానికి రిజిస్టర్ అయి ఉన్న ఒక పాత వ్యాను తీసుకుని, లోపల మడత మంచం, నీళ్ల డబ్బాలు, చిన్న వంట స్టవ్వు, ఒక ఫ్యాను ఏర్పాటు చేసుకున్నారు. ఫిబ్రవరిలో బయలుదేరి ఇరవై ఏడు రోజులు తిరిగారు. బయలుదేరేటప్పటికి కోనసీమలో శివారు ఊళ్లో రెండెకరాలకి బయానా ఇచ్చే ఆలోచనలో ఉన్నారు. వాళ్లు వెళ్లిన దారి ఇంచుమించుగా ఎవరైనా వెళ్లొచ్చు కాబట్టి చెబుతున్నాను.

మొదటి మజిలీ ధవళేశ్వరం. రాజమండ్రి వాళ్లకి అది చిన్నప్పటి నుంచి చూసిన చోటే. కానీ పొలం కొనాలనుకునేవాళ్లు ఇంకో చూపుతో చూడాలి. సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించారు. ఈ ఒక్క చోటు నుంచి దాదాపు పది లక్షల ఎకరాలకి నీళ్లు పోతాయి. గౌతమి, వశిష్ఠ పాయలు ఇక్కడ విడిపోతాయి. కాలవ తల దగ్గర చేనుకి, ఎనభై కిలోమీటర్ల అవతల శివారు చేనుకి తేడా ఏమిటో ఇక్కడి నుంచి కాలవ గట్టు వెంట బండి పోనిస్తే అర్థమవుతుంది. తల దగ్గర బోదె నిండుగా పారుతుంటే, చివర్లో వంతుల కోసం రాత్రిళ్లు గట్టు మీద కాపలా కాస్తుంటారు.

తర్వాత కడియం. కడియపులంక నర్సరీలు చూస్తే ఎవరికైనా ఒక బండెడు మొక్కలు కొనేయాలనిపిస్తుంది. మాస్టారి గారి భార్య అక్కడ ఒక మంచి నియమం పెట్టుకున్నారు. ప్రయాణంలో మొక్క, మట్టి, కొబ్బరి ఆకు బండిలోకి ఎక్కించకూడదు అని. ఈ నియమం అందరూ పాటించాలి. కొబ్బరిని పీడించే సర్పలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో బయటపడి, కొద్ది ఏళ్లలోనే ఎన్ని తోటలకి పాకిందో మనకి తెలుసు. మొక్కలతో పాటు పురుగు కూడా ప్రయాణం చేస్తుంది. ఒక తోట నుంచి ఇంకో తోటకి వెళ్లేటప్పుడు చెప్పులు కడుక్కోవడం కూడా మర్యాదే.

అక్కడి నుంచి ఆత్రేయపురం మీదుగా కోనసీమలోకి దిగారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ర్యాలి గుడి చూసుకుని అంబాజీపేట వెళ్లారు. కొబ్బరి రైతులందరికీ తెలిసిన ఉద్యాన పరిశోధనా స్థానం అక్కడే ఉంది. తెల్లదోమ మీద రసాయనాలు కొట్టకుండా, దాన్ని తినే మిత్ర పురుగుల్ని, మిత్ర శిలీంధ్రాన్ని వాడే పద్ధతుల మీద అక్కడ పని జరుగుతోంది. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు పరిశోధనా స్థానాలకి దూరంగా ఉండాలని కొందరు అనుకుంటారు. నేనైతే తప్పకుండా వెళ్లమంటాను. మనకి పనికొచ్చేది ఎక్కడున్నా తెచ్చుకోవాలి.

కోనసీమలో వాళ్లు ఒక స్నేహితుడి కొబ్బరి తోటలో రెండు రాత్రులు ఉన్నారు. కొబ్బరి కింద కోకో, అరటి, కంద, పసుపు. చూడటానికి స్వర్గమే. రెండో రోజు ఉదయం దింపు ఉంది. దింపు తీసేవాళ్ల కోసం ఆ రైతు పది రోజులుగా తిరుగుతున్నాడని అప్పుడు తెలిసింది. కాయ ధర కంటే దింపు, వలుపు, మోత లెక్కేసుకుంటే చివరికి ఎంత మిగులుతుందో ఆ రైతు కాగితం మీద వేసి చూపించాడు. ఇదే కోనసీమలో 2011 సార్వాకి రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. పచ్చగా ఉన్న నేల మీద రైతు ఎందుకు అలా చేశాడు అనేది కొనబోయే వాళ్లు తెలుసుకోవాలి. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చు, మురుగు పోకపోవడం, ఈ మూడూ ప్రకృతి వ్యవసాయం చేసినంత మాత్రాన మాయమైపోవు.

అంతర్వేది వెళ్లి సముద్రంలో వశిష్ఠ కలిసే చోటు చూశారు. ఆ పక్క ఊళ్లలోనే వాళ్లు బయానా ఇద్దామనుకున్న పొలం. ఫిబ్రవరి కాబట్టి పచ్చగానే ఉంది. పక్క రైతుతో ఒక పూట కూర్చుంటే సంగతులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వేసవిలో బోరు నీళ్లు ఉప్పు. రెండు చేల అవతల రొయ్యల చెరువులు. మురుగు కాలవ పూడిక తీసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. దేశీ ఆవు పది కాదు, ఇరవై ఉన్నా ఆ ఉప్పుని ఆపలేవు.

నీళ్లు ఎవరి చేలోంచి వస్తున్నాయి?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. డెల్టాలో ప్రకృతి వ్యవసాయానికి పెద్ద ఇబ్బంది ఇదే. మన దగ్గర చాలాచోట్ల చేలోంచి చేలోకి నీళ్లు పారతాయి. పై చేలో యూరియా చల్లి, కలుపు మందు కొట్టి వదిలిన నీళ్లు మన చేలోకి వస్తాయి. మనం ఎంతో కష్టపడి వదిలిన జీవామృతం కింది చేలోకి పోతుంది. రెండెకరాల ముక్కలో ఒంటరిగా కూర్చుని నేను రసాయనాలు వాడటం లేదు అంటే సరిపోదు. సొంత బోదె ఉన్న ముక్క కావాలి, లేదా పైన ఉన్న రైతు కూడా మనతో కలవాలి.

పి.జి.ఎస్. ధ్రువీకరణకి కూడా కనీసం ఐదుగురు రైతులు ఒక గుంపుగా ఉండాలి. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం కూడా ఊరిని, మహిళా సంఘాల్ని పట్టుకునే నడిచింది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్ లోని గుల్బెంకియన్ పురస్కారం పంచుకునే గౌరవం వచ్చింది. అంత దూరం నుంచి గుర్తించింది కూడా ఊళ్లకి ఊళ్లు కలిసి చేసిన పనినే. అందుకే పొలం చూసేటప్పుడు ముందు ఆ ఊళ్లో సంఘం ఉందా, నవధాన్యాలు చల్లే నలుగురు రైతులు ఉన్నారా అని చూడండి. మట్టి తర్వాత చూడొచ్చు. మట్టి బాగుపడుతుంది. పొరుగు బాగుపడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

పశ్చిమ గోదావరి, మెట్ట, మన్యం

దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా వాళ్లు పాలకొల్లు వచ్చారు. పంచారామాల్లో ఒకటైన క్షీరారామం చూసుకుని ఆచంట, మార్టేరు వైపు తిరిగారు. ఆచంట అంటే నెక్కంటి సుబ్బారావు గారి ఊరు. 1967లో ఐ.ఆర్.8 వరిని వేసి, పక్క రైతులకి విత్తనం పంచిన మనిషి ఆయన. మార్టేరు వరి పరిశోధనా స్థానం 1925 నాటిది. స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, అక్కడి నుంచే 1982లో విడుదలైంది.

మనం ఈ రోజు బహురూపి, రత్నచోడి, కాలాబట్టి, నవార అని దేశీ రకాలు వేస్తున్నాం. మంచిదే. కానీ డెల్టాలో పొడుగు రకాలు అక్టోబరు, నవంబరు గాలివానలకి ఒరిగిపోతాయి. ఒరిగి నీళ్లలో పడ్డ చేను కోయించడానికి మిషను రాదు, మనుషులు దొరకరు. స్వర్ణ లాంటి పొట్టి రకాన్నే రసాయనాలు లేకుండా పండిస్తున్న రైతులూ ఉన్నారు. కొన్నాళ్లు నీట మునిగినా తట్టుకునే స్వర్ణ సబ్-1 కూడా ఉంది. ఏ నేలకి ఏ రకం అనేది ఆ ఊరి రైతుతో మాట్లాడితేనే తెలుస్తుంది.

భీమవరం చుట్టూ చేపల చెరువుల మధ్య మిగిలిన వరి చేలు చూశాక, మెట్టకి ఎక్కారు. ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెం వైపు ఎర్ర నేలలు. ఇక్కడ మురుగు బాధ లేదు, పై చేను నీళ్ల బాధ లేదు. కానీ అంతా బోరు. కరెంటు, మోటారు, డ్రిప్పు, భూగర్భ జలం. పామాయిల్, కోకో, నిమ్మ, మొక్కజొన్న. పెదవేగి ఆయిల్ పామ్ పరిశోధనా సంస్థ కూడా ఈ ప్రాంతంలోదే. డెల్టా వాళ్లు మెట్టని చిన్నచూపు చూస్తారు గానీ, అరవై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అరెకరం మెట్టలో కూరగాయలు, పండ్ల మొక్కలు వేసుకోవడం డెల్టాలో వరి కంటే తేలిక అని నా అభిప్రాయం.

చివరగా రంపచోడవరం, మారేడుమిల్లి. అడవి, వాగులు, చల్లగాలి. అక్కడికి వెళ్లినవాళ్లలో సగం మందికి ఇక్కడే ఒక ముక్క కొనుక్కుంటే అనిపిస్తుంది. ఎవరో ఒకరు వచ్చి తక్కువలో ఇప్పిస్తాం అని కూడా అంటారు. అది ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. గిరిజనుడి పేరు మీద పెట్టుకుని మనం చేసుకుందాం అనేది చట్టానికీ ధర్మానికీ విరుద్ధం. మన్యానికి వెళ్లండి, వాళ్ల రాగులు, సామలు, పసుపు, చింతపండు సరైన ధర ఇచ్చి కొనుక్కోండి. భూమి మాత్రం అడగకండి.

మోకాళ్ల లెక్క

ఈ తిరుగుడులో మాస్టారు వేసిన ఒక లెక్క నాకు బాగా నచ్చింది. పాలేకర్ గారి పద్ధతిలో ఎకరాకి 200 లీటర్ల జీవామృతం. పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. రెండెకరాలకి 400 లీటర్లు. పదిహేను రోజులకి ఒకసారి అంటే నాలుగు నెలల పంటకి ఎనిమిది సార్లు, మొత్తం 3,200 లీటర్లు. 12 లీటర్ల బకెట్టుతో అయితే ఒక్కోసారి ముప్ఫైమూడు బకెట్లు. నీళ్లతో పాటు పారించే వీలుంటే మోత తగ్గుతుంది. ఆ వీలు ఉందా లేదా అనేది మళ్లీ ఆ చేను బోదెని బట్టి ఉంటుంది.

వీడియోలో ఒక డ్రమ్ము, ఒక కర్ర, కుడివైపుకి తిప్పుతున్న చెయ్యి కనపడతాయి. ముప్ఫైమూడు బకెట్లు కనపడవు. అరవై రెండేళ్ల మనిషి గట్టు మీద బురదలో బకెట్టు మోయగలడా అనేది పొలంలో ఒక ఉదయం పనిచేస్తేనే తెలుస్తుంది. అందుకే చూసొచ్చేసేవాళ్లుగా వెళ్లకండి. ఒక పూట కలుపు తీయండి. ఆవిడ ఒకసారి పాలు పితికి, పేడ ఎత్తి చూడాలి. ఇద్దరిలో ఒక్కరికే ఇష్టం ఉంటే ఆ సంగతి కూడా ఇలాంటి చోటే బయటపడుతుంది. పొలం కొన్నాక బయటపడటం కంటే అది ఎంతో నయం. మగవాడి కల కోసం ఆడమనిషి ముసలితనంలో పాకలో చాకిరీ చేయాల్సి రావడం నేను కొన్ని ఇళ్లలో చూస్తున్నాను. అది ప్రకృతి వ్యవసాయం కాదు.

ఆ పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

ఎవరూ అడగని ప్రశ్న ఇది. గోదావరి జిల్లాల్లో పొలాలు ఎక్కువ శాతం కౌలుదారుల చేతుల్లో ఉన్నాయి. మీరు కొనబోయే రెండెకరాల్ని ఇప్పుడు ఎవరో ఒకరు చేస్తున్నారు. ఆయన ఇల్లు ఆ పొలం మీదే గడుస్తుంది. మీ రిజిస్ట్రేషను అయిన రోజున ఆయన పని పోతుంది. మన ఆరోగ్యం కోసం, మన మనశ్శాంతి కోసం కొన్న పొలం ఇంకొకరి కూడు తీసినట్టు కాకూడదు కదా.

దీనికి దారి లేకపోలేదు. ఆ కౌలుదారునే మీతో ఉంచుకోండి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుంటే మీ యాజమాన్య హక్కుకి ఏ ఇబ్బందీ రాదు, ఆయనకి పంట రుణం, నష్టపరిహారం అందే అవకాశం ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గితే ఆ తేడా మీరు భరించండి. పెన్షను వచ్చేవాళ్లు భరించగలరు, కౌలు రైతు భరించలేడు. రిటైర్ అయినవాళ్లు ప్రకృతి వ్యవసాయానికి చేయగల పెద్ద సాయం ఇదే అని నా గట్టి నమ్మకం. నాగలి మీరే పట్టాలని ఏమీ లేదు.

బండి సంగతి

ఇంటి బండి ఉండి తీరాలా అని అడుగుతారు. అక్కర్లేదు. కారు ఉంటే చాలు, ఆర్టీసీ బస్సు అయినా చాలు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం అని విధానం తెచ్చింది. మన వైపు బండి ఆపుకుని నీళ్లు పట్టుకుని పడుకునే చోట్లు ఇంకా తక్కువే. అయినా సొంత పడక, సొంత వంట ఉంటే ఒక లాభం ఉంది. రైతు ఇంట్లో వాళ్లకి మీ కోసం మంచం, భోజనం చూసే బరువు ఉండదు. ఆవిడ ఊడ్పుల కూలీలకి వండుతూ మీకు కూడా వండాల్సిన పని తప్పుతుంది.

మనకి ఇది కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి డేరాలు, వంట సామాను, బోయీలతో బయలుదేరి కాశీ వెళ్లి, 1831లో మన కోస్తా మీదుగానే తిరిగి వెళ్లారు. మజిలీ మజిలీకి నీళ్లెలా ఉన్నాయి, ఏం దొరుకుతాయి అని ఆయన రాసుకున్నదే "కాశీయాత్ర చరిత్ర". మీరూ ఒక నోటు పుస్తకం పెట్టుకోండి.

కొన్ని జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. బండి లోపల మార్పులు చేయించే ముందు ఆర్టీవో కార్యాలయంలో అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. గ్యాసు సిలిండరుతో లోపల పడుకోవద్దు. కాలవ గట్టు రోడ్ల మీద ఎదురు బండి వస్తే తప్పుకునే చోటు ఉండదు. కోనసీమలో కొబ్బరి మట్టలు, వేలాడే కరెంటు తీగలు బండి పైకప్పుకి తగులుతాయి. చీకటి పడ్డాక లంక రోడ్లలోకి పోవద్దు. 1,200 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి పది లెక్కన 120 లీటర్ల డీజిలు. ఎకరం పొలం రిజిస్ట్రేషను ఖర్చు ముందు ఇది ఎంత?

ఒక్క ఫిబ్రవరిలోనే వెళితే సగమే చూసినట్టు. అప్పుడు దాళ్వా పచ్చగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, అన్ని పొలాలూ బాగుంటాయి. నచ్చిన ఊరికి మే నెలలో కాలవలు ఎండినప్పుడు ఒక రోజు, ఆగస్టులో గోదారి పోటు మీద ఉన్నప్పుడు ఇంకో రోజు వెళ్లిరండి. 2027 గోదావరి పుష్కరాలకి బంధువులందరూ మన ఊళ్లకి వస్తారు. మునిగి వెళ్లిపోకుండా నాలుగు చేలు కూడా చూపించండి.

వెళ్లేవాళ్లు అడగాల్సినవి, రైతులు చెప్పాల్సినవి

ప్రతి క్షేత్రంలో ఈ ఆరు ప్రశ్నలు అడగండి.

1. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, మురుగు ఎక్కడికి పోతుంది?
2. రోజుకి ఎన్ని గంటల పని, ఎవరెవరు చేస్తున్నారు, కూలీలు దొరుకుతున్నారా?
3. మీరిద్దరూ కలిసి చివరిసారి రెండు రాత్రులు ఊరు వదిలి వెళ్లింది ఎప్పుడు? అప్పుడు ఆవుని ఎవరు చూశారు?
4. పంటలో ఎంత నేరుగా ఇళ్లకి అమ్మారు, ఎంత మామూలు మిల్లు ధరకి పోయింది?
5. మొదటి మూడేళ్లు ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది?
6. ఈ ఏడాది ఏ మడి పోయింది, ఎందుకు?

ఆరో ప్రశ్నకి జవాబు చెప్పే రైతు దగ్గర ఇంకో రోజు ఉండండి. నాలుగో ప్రశ్న తేలిగ్గా వదలకండి. 75 కిలోల బస్తా ఆడిస్తే బియ్యం యాభై కిలోలు రావడం కష్టం. పురుగు పట్టకుండా దాచాలి, సంచులు కట్టాలి, కొరియరు వేయాలి, డబ్బు వసూలు చేయాలి. పండించడం కంటే అమ్మడమే కష్టమని అనుభవం ఉన్న ప్రతి రైతూ చెబుతాడు. నిజానికి ఉద్యోగం చేసి వచ్చినవాళ్లకి బాగా చేతనైన పని అదే. లెక్కలు రాయడం, ఫోన్లు చేయడం, నలుగురినీ కలపడం.

వెళ్లే ముందు ఫోన్ చేసి వెళ్లండి. ఊడ్పులు, కోతల రోజుల్లో వద్దు. చేతిలో ఏదో ఒకటి కొనుక్కుని రండి, బేరం ఆడకండి. పోయిన మడిని అడగకుండా ఫోన్లో తీసి నలుగురికీ పంపకండి.

రైతు మిత్రులకి కూడా ఒక మాట. మన దగ్గరికి వచ్చేవాళ్లకి మంచి మడి ఒక్కటే చూపించి పంపిస్తే, వాళ్లు రేపు నష్టపోయి ప్రకృతి వ్యవసాయమే దండగ అని పదిమందికి చెబుతారు. ఉన్నది ఉన్నట్టు చెబితే వాళ్లు పొలం కొనకపోయినా మన బియ్యం కొంటారు, మన మాట నమ్ముతారు. వచ్చినవాళ్ల భోజనానికి, బస చేసినందుకు డబ్బు తీసుకోవడానికి మొహమాట పడకండి. అర పూట పని పోతుంది కదా. అలాగే మీరూ ఏడాదికి నాలుగు రోజులు కదలండి. మీ ఆవుని పక్క రైతు చూస్తాడు, ఆయన వెళ్లినప్పుడు ఆయన ఆవుని మీరు చూడండి. వరి పనులకి మన ఊళ్లలో బదులు సాయం ఉన్నదే, అది పశువులకి కూడా పెట్టుకుందాం.

మాస్టారు దంపతులు చివరికి ఆ శివారు పొలం కొనలేదు. మెట్టలో ఒక స్నేహితుడి తోటలో యాభై సెంట్లు ఏడాదికి కౌలుకి తీసుకుని బెండ, వంగ, ఆనప వేశారు. వారానికి మూడు రోజులు అక్కడ, మిగతా రోజులు రాజమండ్రిలో. చుట్టుపక్కల ఐదుగురు రైతుల బియ్యం, పప్పులు వాళ్ల అపార్టుమెంటులో ఆవిడే అమ్మిపెడుతున్నారు. వాళ్ల తోట, బండి పైన పెట్టిన వీడియోలో చూడొచ్చు. అందులో పురుగు పట్టి పీకేసిన వంగ సాలు కూడా ఉంది. ఆవిడే చూపించమన్నారు.

పొలం కొనాలనుకునే పెద్దలు ఎవరైనా ఈ ఏడాది బయలుదేరేటట్టయితే మాకు చెప్పండి. మీరు వెళ్లే దారిలో, రావడానికి ఒప్పుకున్న రైతుల్ని కలుపుతాం. పొలాల అడ్రసులు మాత్రం అడగకండి, తిరిగొచ్చాక మీకే తెలుస్తాయి.